మెదడు వడ్డించిన రోజు

మెదడు సరిగ్గా కుదిరిందో లేదో బొటనవేలితో నొక్కి చూసి చెప్పడం నా ఉద్యోగం. నవ్వితే నవ్వండి. మా వీధిలో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. "కాలేజీలో ఏం చేసేవారండీ?" అని ఎవరైనా అడిగితే "మెదళ్ళు పోతపోసేవాణ్ణండి" అంటాను. వాళ్ళు నన్ను వదిలేసి మా ఆవిడ వంక జాలిగా చూస్తారు.

ఇప్పుడు ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు ఇది చదువుతారేమోనన్న ఆశతో రాస్తున్నాను. మీకు మెషిన్లు నడపడం నాకంటే బాగా వచ్చు. గిన్నెల విషయంలో మాత్రం నా మాట వినండి.

అమలాపురం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా చేశాను. సర్వీసులో ఎక్కువ భాగం ఇనప కడ్డీలు సాగదీయడంలోనూ సిమెంటు దిమ్మలు పగలగొట్టడంలోనూ గడిచిపోయింది. రిటైర్మెంటు కనుచూపు మేరలోకి వచ్చాక మా ల్యాబుకి ఒక రీసెర్చి అమ్మాయి వచ్చింది. నలుగురిలో మేడం అనేవాణ్ణి, ఎవరూ లేనప్పుడు అమ్మాయ్ అనేవాణ్ణి. ఆమె ఎక్కడైనా, ఎవరి ముందైనా నన్ను "బాబాయిగారూ" అనే పిలిచేది. తలకి గట్టి దెబ్బ తగిలితే లోపల మెదడుకి ఏమవుతుంది, కాకుండా ఉండాలంటే తల మీద ఏం పెట్టాలి అన్నది ఆమె పరిశోధన.

ఈ పరిశోధనకి కారణం వాళ్ళ నాన్నగారు. పలివెల పక్కన ఉంటారు. కొబ్బరి దింపు తీసే మనిషి. ముప్పై ఏళ్ళు చెట్లెక్కి ఒక్కసారి కూడా కాలు జారలేదు. అలాంటిది ఒకరోజు చెట్టు కింద తీరుబడిగా కూర్చుని టీ తాగుతూంటే పైనుంచి కాయ ఊడి సరిగ్గా నడినెత్తిన పడింది. వారం రోజులు ఆసుపత్రిలో ఉండి లేచి వచ్చారు. స్కానింగులో భయపడాల్సిందేమీ లేదన్నారు. ఆయనకి దెబ్బ కంటే సిగ్గు ఎక్కువ.

"చెట్టు మీంచి పడినా పరువుగా ఉండేదండి అన్నయ్యగారూ," అనేవారు నాతో. "టీ తాగుతుంటే పడిందని ఎలా చెప్పుకుంటామండీ?"

ఆ దెబ్బతో ఆ అమ్మాయి చేస్తున్న పాత పని పక్కన పెట్టేసింది. కొబ్బరి పీచూ, రబ్బరు పాలూ కలిపి మెత్తటి పొర తయారుచేసి, దాన్ని టోపీ లోపల కుట్టి, దింపు తీసేవాళ్ళకీ కింద కాయలేరేవాళ్ళకీ ఇవ్వాలని పట్టుబట్టింది. టోపీ తలపాగా కింద ఇమడాలి, చెమట పీల్చాలి, కాయ దెబ్బ కాయాలి. మొదటి టోపీ తీసుకెళ్ళి వాళ్ళ నాన్నగారికి ఇచ్చింది. ఆయన దాన్ని నెత్తిన పెట్టుకుని అద్దంలో చూసుకుని, కోళ్ళు గుడ్లు పెట్టుకోవడానికి బాగుంటుందన్నారు. మళ్ళీ పెట్టుకోలేదు.

సరే, టోపీ పనికొస్తుందని రుజువు చేయాలంటే ఎవరి తల మీదో కాయ పడేసి చూడలేం కదా. ప్రిన్సిపాల్ గారి తల గురించి నాకు ఆలోచన వచ్చిన మాట నిజమే గానీ బయటికి అనలేదు. అందుకని ప్లాస్టిక్ పుర్రె ఒకటి తెప్పించాం. దాని పైభాగం మూతలాగా ఊడి వస్తుంది. లోపల మెదడు ఉండాలి. ఆ మెదడు తయారుచేయడం నా వంతు.

మొదట జెలటిన్‌తో చేశాం. మా కోనసీమ ఎండకీ, కరెంటు కోతకీ ఆ మెదడు మధ్యాహ్నానికల్లా కరిగి ముక్కులోంచి కారిపోయేది. పుర్రెకి జలుబు చేసిందని నేనంటే ఆ అమ్మాయికి కోపం వచ్చేది. తరవాత సముద్రపు నాచు నుంచి తీసే అగర్ వాడాం. మిఠాయి చేసేవాళ్ళు చైనా గ్రాస్ అంటారే, అదే. అది ఎండకి తొణకదు. పగుళ్ళు బాగా కనిపించాలని కాస్త పాలపొడి, బూజు పట్టకుండా రెండు చుక్కలు దాల్చినచెక్క నూనె. గిన్నెలో పోసి ఫ్రిజ్‌లో పెడితే తెల్లగా, గుండ్రంగా, కదిపితే తలాడిస్తూ, చూడ ముచ్చటగా ఉండేది. ల్యాబు మొత్తం దాల్చినచెక్క వాసన కొట్టేది. పక్క డిపార్టుమెంటు వాళ్ళు బిర్యానీ వండుకుంటున్నామని మా మీద కంప్లయింట్ కూడా ఇచ్చారు.

గట్టిదనం ఇంత ఉండాలని ఆ అమ్మాయి కంప్యూటర్లో లెక్క కట్టి చెప్పేది. నేను బొటనవేలితో నొక్కి, వదిలి, అది లేచే తీరు చూసి "కుదిరిందమ్మా" అనేవాణ్ణి. మెషిన్ మీద పెట్టి చూస్తే ప్రతిసారీ నా మాటే నిలబడేది. కొన్నాళ్ళకి మెషిన్ మీద పెట్టడం మానేశాం. నా వేలికి అంత పేరు. కాలేజీలో నడిచేటప్పుడు ఆ వేలిని జేబులోంచి బయటికి తీసి మరీ నడిచేవాణ్ణని మా ఆవిడ అంటుంది. నిజం కాదు. అంటే, పూర్తిగా అబద్ధమూ కాదు.

ఇలా ఉండగా కమిటీ వస్తోందని కబురు వచ్చింది. ముగ్గురు. వాళ్ళు చూసి బాగుందంటే ఇంకో రెండేళ్ళు పని సాగుతుంది, టోపీలు ఊళ్ళలోకి వెళ్తాయి. బాగాలేదంటే పుర్రెతో సహా అన్నీ స్టోరు రూముకి వెళ్తాయి, ఆ అమ్మాయి చదువు మధ్యలో ఆగిపోతుంది. ఆమె ఆ వారమంతా సరిగ్గా అన్నం తినలేదు. తినకపోవడానికి ఇంకో కారణం కూడా ఉందనుకోండి. ఆమె వంట.

దాని గురించి చెప్పాలి, ఎందుకంటే ముందు ముందు అవసరం పడుతుంది. తల్లి లేని పిల్ల. ఇంట్లో వంట తనదే. స్టవ్వు మీద గిన్నె పెట్టి లెక్కలు చేసుకుంటూ కూర్చుంటుంది. పప్పు మాడుతుంది, పులుసు మాడుతుంది, ఒకసారి మజ్జిగపులుసు కూడా మాడ్చింది, అదెలా సాధ్యమో నాకిప్పటికీ తెలియదు. క్యారేజీ విప్పితే చుట్టుపక్కల నాలుగు బల్లల వాళ్ళు లేచి వెళ్ళిపోయేవారు. మా ఆవిడ చెయ్యి తిరిగినది కాబట్టి నాకు మాడు వాసన అసలు పడదు, ముఖం మీదే చెప్పేసేవాణ్ణి.

"మీకే వంక బాబాయిగారూ," అనేది మూతి ముడుచుకుని. "మా నాన్న లొట్టలేసుకుంటూ తింటారు. రోజూ మారు వేయించుకుంటారు, తెలుసాండీ?"

అది నిజమే. నా కళ్ళతో చూశాను. కూతురంటే ఎంత ప్రేమ లేకపోతే ఆ పులుసు తింటారు అనుకునేవాణ్ణి.

ఇక గిన్నె దగ్గరికి వద్దాం. పుర్రె లోపలి కొలతకి సరిగ్గా సరిపోయే గుండ్రటి స్టీలు గిన్నెలు మూడు, బజారంతా తిరిగి ఏరి తెచ్చుకున్నాం. అవి మెదడు గిన్నెలు. వాటిని ఇంకెందుకూ వాడకూడదని గోడ మీద నేనే పెద్దక్షరాలతో రాసి అంటించాను. కమిటీ వచ్చే రెండు రోజుల ముందు మా ఆవిడ పనసపొట్టు కూర చేసింది. అదంటే అమ్మాయి వాళ్ళ నాన్నగారికి ప్రాణం. ఆ సాయంత్రం ఆయన పరీక్షకి కాయలు దించి వెళ్తుంటే, "ఆగండి, ఆగండి" అని నా క్యారేజీలోని కూర చేతికి దొరికిన గిన్నెలో వంచి ఇచ్చాను. ఆ చేతికి దొరికింది మెదడు గిన్నె. గోడ మీద కాగితం నా వెనకే ఉంది. నా రాత నేనే చదవలేదు.

మా వైపు సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఒకరి ఇంటి నుంచి వచ్చిన గిన్నెని ఖాళీగా తిరిగి పంపరు. పంపితే ఆ ఇంటి ఆడవాళ్ళు పదేళ్ళు చెప్పుకుంటారు. పెట్టడానికి ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారయినా పోసి పంపుతారు.

కమిటీ వచ్చే రోజు పొద్దున్నే నేను ఫ్రిజ్ తెరిచాను. ముందు రోజు పోసిన రెండు గిన్నెలు ఉన్నాయి. పరీక్షలు రెండు. ఒకటి టోపీ లేకుండా, ఒకటి టోపీతో. మొదటి గిన్నె బయటికి తీసి, బోర్లించి, పుర్రెలో కూర్చోబెట్టి, పెసరగింజంత సెన్సరు అందులో గుచ్చుతున్నాను. అప్పుడే అమ్మాయి వాళ్ళ నాన్నగారు ఇస్త్రీ చొక్కా, కొత్త తుండుగుడ్డతో వచ్చారు.

"అన్నయ్యగారూ, మీ గిన్నె తెచ్చేనండి. ఫ్రిజ్‌లో పెట్టేనండి."

"ఆయ్, ఆయ్," అన్నాను తలెత్తకుండా.

ఖాళీ గిన్నెని ఫ్రిజ్‌లో ఎందుకు పెడతారు అని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఈ కథే లేదు. ఆలోచించలేదు. ఆయన వెనకింటి గేదె ఈనింది. జున్నుపాలు తెచ్చి, పంచదార వేసి, యాలకుల పొడి కలిపి, తన చేత్తో జున్ను చేసి, నా గిన్నె నిండా పెట్టి తెచ్చారు. కమిటీ వాళ్ళకి తానే వడ్డిస్తానని ప్రిన్సిపాల్ గారికి అప్పటికే మాట ఇచ్చేశారట. ఇవేవీ నాకు తెలియవు.

కమిటీ వచ్చింది. పెద్దాయన మెదడు ఆపరేషన్లు చేసే డాక్టరు గారు, విశాఖ నుంచి వచ్చారు. ఆయన వెంట ఒక ప్రొఫెసర్, ఫైలు పట్టుకున్న ఒక ఆఫీసరమ్మ. డాక్టరు గారు ముభావంగా ఉన్నారు. గోడ మీద నా కాగితం చదివి, "మెదడు గిన్నెలా?" అని కనుబొమ్మ ఎగరేసి ఊరుకున్నారు.

మొదటి పరీక్ష టోపీ లేకుండా. కప్పు దాకా నిలబెట్టిన పైపులోంచి కాయ వదిలాం. ఠప్! కంప్యూటర్లో గీత నిట్టనిలువుగా లేచింది. పుర్రె మూత తీస్తే మెదడు రెండు చెక్కలైపోయి ఉంది. ఆఫీసరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. డాక్టరు గారు మొదటిసారి ముందుకి వంగారు. మంచి సూచనే అనుకున్నాను.

రెండో పరీక్షకి నేను పుర్రె కడిగి తుడుచుకునే లోపల ప్రిన్సిపాల్ గారు సైగ చేశారు, అమ్మాయి వాళ్ళ నాన్నగారు ఫలహారం మొదలుపెట్టారు. ఫ్రిజ్ తెరిచి, చేతికి అందిన గిన్నె తీసి, ముక్కలు కోసి, ప్లేట్లలో పెట్టి, స్పూన్లతో సహా అందరికీ అందించారు. నేను వెనకాలే వెళ్ళి ఫ్రిజ్ తెరిచాను. లోపల ఒకే గిన్నె ఉంది. ఉండాల్సింది ఒకటే, ఉన్నది ఒకటే. తీశాను. మూత తీసి బొటనవేలితో నొక్కాను.

ఆహా. అంత బాగా ఇంతవరకూ కుదరలేదు. ఒత్తితే ఒదిగింది, వదిలితే లేచింది. "అమ్మాయ్, దీన్ని చూడు, ఇదీ మెదడంటే," అని ఆమె చెవిలో కూడా చెప్పాను.

ఇటు నేను జున్నుని పుర్రెలో పెట్టి సెన్సరు గుచ్చుతున్నాను. అటు డాక్టరు గారు స్పూను నోట్లో పెట్టుకున్నారు. ఆయన ముఖంలో ఆ పొద్దుటి నుంచి లేని మెత్తదనం కనిపించింది.

"నాది రాజోలేనండి," అన్నారు. "జున్ను తిని ఎన్నేళ్ళయిందో. పైగా పంచదార లేకుండా చేయించేరు! నాకు షుగరున్న సంగతి మీకెవరు చెప్పేరండీ?"

ప్రిన్సిపాల్ గారికి ఏమీ అర్థం కాలేదు, కానీ వచ్చిన మెప్పు వదులుకునే మనిషి కాదు. "ఆయ్, అన్నీ కనుక్కున్నామండి," అన్నారు. తాను తిన్నది ఎలా ఉందో ఆయన ముఖమే చెబుతోంది, అయినా పెద్దాయన తింటున్నారు కాబట్టి తినాలి. ప్రొఫెసర్ గారు ప్రిన్సిపాల్ గారిని చూసి తిన్నారు. ఆఫీసరమ్మ ప్రొఫెసర్ గారిని చూసి తిన్నారు. పెట్టినవాళ్ళ మనసు కష్టపెట్టకూడదని నలుగురు పెద్దమనుషులు చప్పటి నాచుముద్దని తిని ప్లేట్లు ఖాళీ చేశారు. ప్రిన్సిపాల్ గారైతే మారు వేయించుకున్నారు. మా గోదావరి మర్యాద అంటే అదీ.

రెండో పరీక్ష. పుర్రెకి టోపీ పెట్టాం. కాయ వదిలాం. కంప్యూటర్లో గీత దిండి దగ్గర గోదావరిలా కదలకుండా పడుకుంది. అలాంటి గీత మేమెప్పుడూ చూడలేదు. ప్రొఫెసర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. డాక్టరు గారు "శభాష్" అన్నారు. ఆఫీసరమ్మ పెన్ను తీశారు. మా అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాళ్ళ నాన్నగారు తుండుగుడ్డతో తన కళ్ళూ తుడుచుకున్నారు.

నేను పుర్రె మూత తీశాను. పగులు లేదు, గీత లేదు, పువ్వులా ఉంది. అందరికీ చూపించడానికి దగ్గరికి ఎత్తుకున్నాను. లైట్ల వేడికి కాస్త వెచ్చబడిందేమో, గుప్పుమని యాలకుల వాసన కొట్టింది.

బాబూ, ఆ క్షణాన నా ప్రాణం ఎక్కడికి పోయిందో నాకే తెలియదు. ఒకసారి పుర్రెలోకి చూశాను. ఒకసారి ఖాళీ ప్లేట్ల వంక చూశాను. లెక్క తేలిపోయింది.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. నేను వెంటనే చెప్పలేదు. ఆఫీసరమ్మ రాస్తున్నారు. ఒక్క సంతకం పడితే అమ్మాయి పని గట్టెక్కుతుంది. ఎవరికీ తెలియదు. పుర్రె కడిగేస్తే సాక్ష్యం కూడా ఉండదు, కావాలంటే నేనే తినేయగలను. మూత మూసేశాను కూడా. కానీ ఆ లెక్క నమ్మి రేపు టోపీలు కుట్టేస్తారు. అవి పెట్టుకుని జనం ధైర్యంగా చెట్ల కిందికి వెళ్తారు. వాళ్ళ తలల్లో ఉండేది జున్ను కాదు కదా.

"అయ్యా, ఒక్క మాటండి," అన్నాను. నా గొంతు నాకే పిల్లి కూతలా వినపడింది. "ఈ పుర్రెలో ఉన్నది మెదడు కాదండి. జున్నండి."

డాక్టరు గారు నన్ను చూసి, పుర్రెని చూసి, తన ప్లేటు చూశారు.

"మరి నేను తిన్నది?"

"అది మెదడండి."

ప్రిన్సిపాల్ గారి చేతిలో స్పూను కింద పడింది. ప్రొఫెసర్ గారు గోడ పట్టుకున్నారు. ఆఫీసరమ్మ పెన్ను పైకెత్తి "వెజిటేరియనేనా అండీ?" అన్నారు. నేను చైనా గ్రాసు, పాలపొడి, నీళ్ళు, దాల్చినచెక్క నూనె రెండు చుక్కలు అని దేవుడి మీద ఒట్టేసి చెప్పాను. డాక్టరు గారు కాసేపు పైకప్పు వంక చూసి, ఒక్కసారిగా పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. "నలభై ఏళ్ళుగా మెదళ్ళు కోస్తున్నానండి, తినడం ఇదే మొదలు!" ఆయన నవ్వు ఆగేసరికి చాలాసేపు పట్టింది.

మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. పాలిపోయి నిలబడి, "సార్, మళ్ళీ చేసి చూపిస్తామండి. ఇంకో గిన్నె వాడి ఇప్పుడే," అంది.

"లేదమ్మా," అన్నాను. "సారు వాళ్ళు తిన్నదే మనకున్న ఆఖరి మెదడు."

డాక్టరు గారు అప్పుడు అమ్మాయి వాళ్ళ నాన్నగారి వైపు తిరిగారు. పాపం ఆయన మూల నిలబడి, తుండుగుడ్డ పిండేస్తూ, నేల చూపులు చూస్తున్నారు.

"జున్ను మీరే చేసేరు కదండీ. వడ్డించేటప్పుడు వాసన తేడా తెలీలేదా?"

"గాభరాలో చూసుకోలేదండి."

డాక్టరు గారు బల్ల మీద ఫ్లాస్కులోంచి కాఫీ కప్పులో వంపారు. ఆయన్ని కళ్ళు మూసుకోమని, పొగలు కక్కుతున్న ఆ కప్పు ముక్కు కింద పెట్టారు.

"ఇదేం వాసనండీ?"

ఆయన గట్టిగా పీల్చారు. ఇంకోసారి పీల్చారు. చివరికి ఎంతో మర్యాదగా అన్నారు.

"మీరేదంటే అదేనండి."

నవ్వబోయి ఆగిపోయాను. డాక్టరు గారి ముఖంలో నవ్వు లేదు. "ఎప్పటి నుంచి?" అని అడిగారు. "కాయ పడిన కాణ్ణించండి," అన్నారు ఆయన కళ్ళు తెరవకుండానే. "ఒక్క వాసనా తెలీదండి. అమ్మాయికి చెబితే నన్ను చెట్టెక్కనివ్వదు, చదువూ మానేసి ఇంట్లో కూర్చుంటుందని చెప్పలేదండి."

మా అమ్మాయి ఆయన దగ్గరికి నడిచి వెళ్ళింది. కమిటీ ఉందన్న సంగతి కూడా మరిచిపోయింది.

"అయితే నా పులుసు? రోజూ భలే ఉందమ్మా, భలే ఉందమ్మా అని..."

"బాగానే ఉంటుందమ్మా," అన్నారు ఆయన. "వేడిగా ఉంటుంది కదా."

చాలా ఏళ్ళ సర్వీసులో నేను ల్యాబులో ఏడ్చింది ఆ ఒక్కరోజే. ఆ పులుసుని ప్రేమతో తింటున్నారనుకున్నాను. అదీ నిజమే అయి ఉంటుంది, కానీ ముక్కు కూడా ఆయనకి సాయపడింది.

డాక్టరు గారు తెల్లకాగితం తీసుకుని బొమ్మ గీసి చెప్పారు. ముక్కు పైన జల్లెడలాంటి ఎముక ఉంటుందట. దాని బొక్కల్లోంచి వాసన తెలిపే నరాలు సన్నటి దారాల్లా కిందికి దిగుతాయి. తలకి దెబ్బ తగిలినప్పుడు మెదడు పగలనక్కర్లేదు, కాస్త జరిగితే చాలు, ఆ దారాలు తెగుతాయి. స్కానింగులో అన్నిసార్లూ కనపడదు.

"మీరు పగిలిందా లేదా అనే చూస్తున్నారమ్మా," అన్నారు ఆమెతో. "ఎంత జరిగిందో చూస్తున్నారా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. తన ఇంట్లోనే, తన ఎదురుగా కూర్చుని అన్నం తింటున్న దెబ్బని తాను చూడలేదు.

"కొత్త మెదడుకి ఎంతసేపు పడుతుందండీ?" అని డాక్టరు గారు నన్ను అడిగారు. మూడు గంటలన్నాను. "అయితే భోజనం పెట్టించండి. ఈసారి ఎవరూ ఆ ఫ్రిజ్ జోలికి వెళ్ళకండి," అన్నారు.

కమిటీ భోజనానికి వెళ్ళింది. నేను అగర్ మరిగించాను. చల్లారి గట్టిపడ్డాక అలవాటుగా బొటనవేలు చాపాను. మా అమ్మాయి నా చెయ్యి పక్కకి జరిపి, గిన్నెని మెషిన్ మీద పెట్టింది. నేను ఆ వేలిని జేబులో పెట్టుకున్నాను. జున్నుకీ మెదడుకీ తేడా తెలియని వేలు అది, దానికి ఆ శాస్తి జరగాల్సిందే.

మధ్యాహ్నం పరీక్షలో టోపీ పెట్టిన మెదడు పగల్లేదు. కానీ అంచున చిన్న చీలిక వచ్చింది, కాస్త పక్కకి జరిగింది కూడా. గీత పొద్దుటంత అందంగా రాలేదు. "జున్నుకి వచ్చిన మార్కులు దీనికి రాలేదండి," అన్నారు ప్రొఫెసర్ గారు. మా అమ్మాయి ఆ చీలికనీ, ఆ జరుగుడునీ దాచకుండా కొలిచి, చదివి వినిపించింది. డాక్టరు గారు ఫైలు తీసుకుని సంతకం పెట్టారు. రెండేళ్ళు. ఒక షరతు: మెదడు జరగడాన్ని కూడా కొలవాలి, కాయ దెబ్బ తిన్న ప్రతి మనిషి ముక్కునీ పరీక్షించాలి. మొదటి ముక్కు ఈయనది, అని వాళ్ళ నాన్నగారి భుజం తట్టారు. వెళ్ళేటప్పుడు పుర్రెలో మిగిలిన జున్ను పొట్లం కట్టించమని అడిగారు. షుగరు సంగతి గుర్తుచేస్తే, పొద్దున్న చప్పటిది తిన్నాను కాబట్టి చెల్లుకి చెల్లన్నారు. సెన్సరు తీసి ఇచ్చాను.

డాక్టరు గారి సలహా మీద వాళ్ళ నాన్నగారికి నాలుగు డబ్బాలు తయారుచేసి ఇచ్చాను. లవంగం, నిమ్మతొక్క, గులాబీ, నీలగిరి తైలం. పొద్దునా సాయంత్రం ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని, అది ఏదో తలుచుకుంటూ పీల్చాలి. కొందరికి కొన్నాళ్ళకి వస్తుంది, కొందరికి రాదు, మాట ఇవ్వలేనన్నారు డాక్టరు గారు. నాలుగు డబ్బాల మీదా నేనే పేర్లు రాశాను. ఆ రోజు నుంచి పేరు రాయకుండా ఏ గిన్నెకీ మూత పెట్టింది లేదు. మా ఇంట్లో ఉప్పు డబ్బా మీద "ఉప్పు" అని ఉంటుంది, మంచినీళ్ళ బిందె మీద "నీళ్ళు" అని ఉంటుంది. మా ఆవిడ మీద రాయలేదు, అంతే.

ఆయన మటుకు రోజూ పీల్చేవారు. "ఏమైనా తెలుస్తోందాండీ?" అని నేను అడిగేవాణ్ణి. "డబ్బా మీద లవంగం అని ఉందండి," అనేవారు. టోపీ మాత్రం పెట్టుకోవడం మొదలుపెట్టారు. టీ తాగేటప్పుడు కూడా తీసేవారు కాదు. కూతురు ఆయన మీద అలిగి మాట్లాడకుండా ఉన్నది సరిగ్గా ఒక పూట. తరవాత వంట నేర్చుకోవడానికి మా ఆవిడ దగ్గరికి వచ్చింది. నాలుగు రోజులకే మా ఇంట్లో రెండు గిన్నెలు మాడాయి. మా ఆవిడ దణ్ణం పెట్టి పంపించేసింది.

నేను రిటైరైన మరుసటి ఆదివారం వాళ్ళింట్లో నాకు భోజనం. కొరమేను పులుసు. ఆ అమ్మాయి గిన్నె స్టవ్వు మీద పెట్టి వచ్చి, కొత్త టోపీ లోపలి పొర నాకు విప్పి చూపిస్తోంది. టోపీలు అప్పటికి ఊళ్ళలోకి వెళ్ళాయి. ఈసారి మెదడు జరగడం బాగా తగ్గిందని సంబరంగా చెబుతోంది. నాకు లోపలి నుంచి మాడు వాసన వస్తూనే ఉంది. రిటైరయ్యాక కూడా ముఖం మీద చెప్పడం బాగుండదని నోరు మూసుకుని కూర్చున్నాను.

వాళ్ళ నాన్నగారు అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నారు. పేనడం ఆపారు. తలెత్తారు. ముక్కు ఇటు తిప్పారు, అటు తిప్పారు. లేచి నిలబడి గుమ్మం దాకా వచ్చారు.

"అమ్మా," అన్నారు. "ఏదో మాడుతున్నట్టుంది."

ఆమె చేతిలో టోపీ జారిపోయింది.

"ఏంటి నాన్నా?"

"మాడు వాసనమ్మా. ఛీ, ఏం కంపమ్మా ఇది! రోజూ ఇలాగే ఉంటుందా?"

"మళ్ళీ చెప్పు నాన్నా," అంటూ ఆ అమ్మాయి గుమ్మంలోనే కూలబడి, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా ఆయన కాళ్ళు పట్టుకుంది. ఆయన మళ్ళీ చెప్పారు. అడిగినన్నిసార్లూ చెప్పారు. నేను లోపలికి వెళ్ళి స్టవ్వు కట్టేసి వచ్చాను.